స్నానాల గదికి ఏ నేల మేలు?

ఇల్లు కట్టేటప్పుడు పడసాలకు, దేవుని గదికి చూపినంత శ్రద్ధను స్నానాల గది నేల విషయంలో చాలామంది చూపరు. మిగిలిన బండలతోనో, చవకగా దొరికిన టైల్స్‌తోనో పని ముగిస్తారు. కానీ ఇంటిలో నిత్యం తడిసే నేల అదే. వృద్ధులు తెల్లవారుజామున ఒట్టి కాళ్లతో అడుగుపెట్టేదీ అక్కడే. పెద్దవయసులో కాలు జారి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచాన పడవలసి వస్తుంది. కనుక తడిసినప్పుడు నేల కాలికి పట్టు ఇస్తుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. మన బోరు నీటికి అది తట్టుకుంటుందా అన్నది రెండవది.

నాపరాయి

బళ్లారి, సిరుగుప్ప, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ప్రాంతాల వారికి నాపబండలు చిరపరిచితాలు. తూర్పున తాడిపత్రి, బేతంచెర్ల, కడప ప్రాంతాల నుండి, ఉత్తరాన కలబురగి జిల్లా షాబాదు నుండి ఇవి లభిస్తాయి. పేర్లు, రంగులు వేరైనా ఇవన్నీ సున్నపురాయి జాతివే. పాలిషు వేయని గరుకు బండ తడిలోనూ కాలికి పట్టు ఇస్తుంది. పాలిషు వేయించిన బండ పడసాలకు శోభనిస్తుంది గాని స్నానాల గదికి తగదు.

బోరు నీరు, యాసిడ్

మన బోర్లలో చాలావాటి నీటిలో సున్నపు లవణాలు అధికం. ఆ నీరు ఆరినచోట తెల్లని చారలు, పొరలు ఏర్పడతాయి. వాటిని పోగొట్టడానికి యాసిడ్ పోయడం ఇళ్లలో పరిపాటి. అయితే ఆ తెల్లని పొరలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేటు. నాపరాయిలో ఉన్నదీ అదే. పొరను కరిగించే యాసిడ్ బండనూ కరిగిస్తుంది. పోసిన వెంటనే నురుగు పొంగడం అందుకు సాక్ష్యం. క్రమంగా బండపై గుంతలు పడి, వాటిలో మురికి, పాచి చేరి, గరుకుగా ఉన్న నేల జారుడుగా మారుతుంది. నాపరాయి పరచినవారు సబ్బు నీరు, గట్టి బ్రష్షు మాత్రమే వాడాలి. స్నానం కాగానే నీటిని వైపరుతో లాగివేస్తే పొర కట్టడమే తగ్గుతుంది.

కొనబోయే రాయి ఏ జాతిదో తెలియనప్పుడు విరిగిన ముక్కపై నిమ్మరసం పిండి చూడండి. సన్నని బుడగలు వస్తే సున్నపురాయి అని గ్రహించవచ్చు.

గ్రానైటు

బాగలకోటె జిల్లా ఇళకల్లు గులాబి గ్రానైటుకు ప్రసిద్ధి. గ్రానైటు సున్నపురాయి కాదు గనుక ఇంటిలో వాడే యాసిడ్‌కు అంత సులభంగా లొంగదు. కానీ అద్దంలా మెరిసే గ్రానైటు సబ్బు నీటిలో ప్రమాదకరం. మంటతో కాల్చి గరుకు చేసిన పలకలనే అడగాలి.

టైల్స్

గుజరాత్‌లోని మోర్బి నుండి వచ్చే టైల్స్ నేడు పల్లెలకూ చేరాయి. గోడ టైల్స్ నీటిని ఎక్కువగా పీల్చుతాయి, పైన నునుపుగా ఉంటాయి. వాటిని నేలకు వాడరాదు. విట్రిఫైడ్ టైల్స్ నీటిని పీల్చేది అరశాతానికి మించదు. అయినా మెరుపు రకం జారుతుంది. మ్యాట్ లేక యాంటీ స్కిడ్ రకం ఎంచుకోవాలి. అట్టపై ఆర్-10 లేదా ఆర్-11 అని ఉంటే పట్టు గలదని అర్థం. దుకాణంలోనే ఒక పలకపై సబ్బు నీరు చల్లించి అరచేతితో గట్టిగా నొక్కి జరిపి చూడండి. పెద్ద పలకల కంటే అడుగు చదరపువి మేలు: అతుకులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది, నేలకు వాలు తీయడమూ సులభం. అయితే అతుకులలోని సిమెంటును యాసిడ్ తినివేస్తుంది. కనుక టైల్స్‌కైనా యాసిడ్‌ను అలవాటు చేసుకోరాదు.

పునాది, వాలు

నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానిపై నేరుగా పరచిన నేల ఏదైనా పగులుతుంది. కొంత లోతు రేగడిని తీసివేసి, గరుసు మట్టి నింపి, నీరు చల్లి దిమ్మిస చేయించి, ఆపై కాంక్రీటు వేయించాలి. నేల తూము వైపు అడుగుకు ఎనిమిదోవంతు అంగుళం చొప్పున వాలి ఉండాలి. గది నేల పక్కగది కంటే ఒక అంగుళమైనా దిగువన ఉండాలి. పని ముగిశాక మేస్త్రి ఎదుటనే బకెట్టు నీరు గుమ్మరించి, మూలల్లో నీరు నిలుస్తుందేమో చూసుకోవాలి.

ఇప్పటికే నునుపు నేల ఉన్నవారు

నేలను తవ్వించే స్తోమత లేకున్నా చేయగల పనులు ఉన్నాయి. అడుగున పట్టు గల రబ్బరు చాప పరచి, రోజూ ఎత్తి ఆరబెట్టండి. కూర్చొని స్నానం చేయడానికి ఎత్తయిన పీట, గోడకు బలమైన పట్టుకమ్మి, రాత్రి వెలిగే చిన్న దీపం ఏర్పాటు చేయండి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పొడిని ఎన్నడూ కలపవద్దు. వాటినుండి వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణాలు తీయగలదు.