ఉప్పునీళ్లు చేరని పొలం

పెరటి తోటలు, మిద్దె తోటలు పెంచేవాళ్లలో ఒక చిట్కా బాగా చలామణీ అవుతోంది. వెనిగర్‌లో ఉప్పు కరిగించి, నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, ఎండ పూట కలుపు మీద పిచికారీ చేయడం. సాయంత్రానికి ఆకు వాడిపోతుంది, మర్నాటికి మాడిపోతుంది. అంతా వంటింటి సరుకే కాబట్టి దీనికి ప్రకృతి సహజమైన మందన్న పేరు కూడా వచ్చింది.

ఉప్పు మొక్కను చంపుతుందని తెలుగు రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనూ, బాపట్ల జిల్లా చినగంజాంలోనూ ఉప్పు మడులకు కాస్త దూరంలోనే పంట చేలుంటాయి. అయినా కలుపు మీద ఉప్పు చల్లే అలవాటు మన సేద్యంలో పాతుకోలేదు. కారణం చవుడు. నేలలో సోడియం పేరుకుంటే బంకమన్ను రేణువులు విడిపోతాయి, నీరు ఇంకదు, ఎండితే పైన పెచ్చు కడుతుంది, విత్తనం మొలవదు. అలాంటి నేలను మళ్లీ దారికి తేవాలంటే జిప్సం వేయాలి, మంచినీటితో కడగాలి, జీలుగ పెంచి కలియదున్నాలి. ఇదంతా ఒక్క ఏడాదిలో తీరే పనీ కాదు. చవుడు దిగిన చేను ఏమవుతుందో కళ్లారా చూసినవాడు తన చేతులతో ఉప్పు చల్లుకోడు. పైగా ఉప్పు ఎప్పుడూ ఇంత చౌక కాదు. 1882 ఉప్పు చట్టం కింద తయారీ, అమ్మకం సర్కారు గుప్పిట్లో ఉన్న కాలంలో పేదవాడు గంజిలోకి వేసుకునే ఉప్పుకే పన్ను కట్టాడు. దాన్ని గడ్డి మీద పోసే స్తోమత ఎవరికుంటుంది?

ఒక్క చెట్టు మాత్రం దీనికి మినహాయింపు. కోనసీమలో కొబ్బరి మొదళ్లలో ఉప్పు వేయడం పాత అలవాటు. కొబ్బరి సముద్రపు ఒడ్డు చెట్టు కాబట్టి తట్టుకుంటుంది. ఐరోపా, అమెరికా తోటమాలులు కూడా ఇదే ఎరుకతో, మన పిల్లితేగ జాతికే చెందిన ఆస్పరాగస్ మడుల్లో ఉప్పు చల్లేవారు. ఆ మొక్క ఉప్పును ఓర్చుకుంటుంది, చుట్టూ ఉన్న కలుపు ఓర్చుకోలేదు. అంటే పంట మడిలో ఉప్పు కలుపు మందుగా పనిచేసింది ఉప్పంటే లెక్కలేని పంట ఉన్నచోటే. టమాటా మడికో, గులాబీ మొదలుకో ఆ వైద్యం పనికిరాదు.

మరి మందు సీసాలు లేని రోజుల్లో మన పొలాల్లో కలుపును చంపిందేమిటి? వరి మడిలో మొట్టమొదటి కలుపు మందు నీరే. దమ్ము చేసినప్పుడు అప్పటికే మొలిచిన గడ్డి బురదలో కూరుకుపోతుంది. నాట్లు పడ్డాక రెండంగుళాల నీరు నిలబెడితే చాలా రకాల కలుపు గింజలకు గాలి అందక మొలకే రాదు. ముందే నారు పోసి పెంచిన మొక్కను నాటడం వల్ల వరికి కొన్ని వారాల ఎదుగుదల ముందుగానే చేతిలో ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా మడుల్లోకి కాలువ నీరు సమయానికి రావడం మొదలైంది. ఆ నీరు పైరుకు తడి ఇవ్వడంతో సరిపెట్టలేదు, కలుపునూ అదుపులో పెట్టింది. ఆనకట్టల గురించి ఎంతో రాసినా ఈ మేలును చెప్పేవాళ్లు తక్కువ.

నీటికి లొంగనిది ఊద. గాలి సరిగా అందని బురదలోనూ అది మొలకెత్తగలదు. పైగా చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, చూపుకు ఇట్టే దొరకదు. కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని పట్టే చోటు ఆకు కాండాన్ని కలిసే దగ్గరుంది. వరికి అక్కడ పల్చటి తెల్లని పొర లేచి ఉంటుంది, దాని పక్కన సన్నటి నూగుతో రెండు చిన్న చెవుల్లాంటి అంచులు కాండాన్ని చుట్టుకుని ఉంటాయి. ఊదకు ఆ రెండూ ఉండవు, మెడ నున్నగా ఉంటుంది. వృక్షశాస్త్రం పుస్తకంలో చదువుకునే ఈ తేడాను బడి మెట్లెక్కని స్త్రీలు బురదలో నడుస్తూ, చేయి ఆపకుండా, వేళ్ల కొసలతో గుర్తుపట్టేవారు. ఇప్పటికీ గుర్తుపడుతున్నారు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు జానపద గేయాల కోసం తిరిగినప్పుడు పొలం పాటలు దొరికింది ఇలాంటి గొంతుల్లోనే. అయితే ఆ పాటలు వినసొంపుగా ఉన్నాయని ఆ పనిని అందంగా చూపడం తప్పు. పొద్దున్నుంచి నడుం వంచి, బురదలో జలగలతో, మగవాడి కూలి కన్నా తక్కువకు చేసిన పని అది. మన సహజ సేద్యం బరువంతా మోసింది ఆ నడుములే.

1950లలో జపాను పద్ధతి వరిసాగు ప్రచారం వచ్చినప్పుడు వరుసల్లో నాటడం, వరుసల మధ్య చక్రాల పరికరం తోలడం నేర్పారు. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వరి సాగు ప్రయోగాలు మొదలైనప్పుడు కోనో వీడర్ పేరుతో అదే ఆలోచన తిరిగి వచ్చింది. కలుపును పీకి పారేయకుండా అక్కడే బురదలో తొక్కేస్తే ఎరువవుతుంది.

మెట్ట చేలలో నీరు నిలబెట్టే వీల్లేదు. అక్కడ ఇనుము పనిచేసింది. గొర్రుతో సాళ్లుగా విత్తడం, సాళ్ల మధ్య దంతి తోలడం అనే జంట పని ఎంత పాతదో గాని, 18వ శతాబ్దం చివర దక్షిణ భారతంలో పనిచేసిన కెప్టెన్ థామస్ హాల్కాట్‌కు మాత్రం అది పెద్ద విడ్డూరంగా కనబడింది. వరుసల్లో విత్తే గొర్రు ఐరోపావారి కొత్త కల్పన అని అంతదాకా ఆయన నమ్మకం. ఇక్కడి రైతుల చేతుల్లో దాన్ని చూసి రాసి పంపిన వివరణ 1797లో అచ్చయింది. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో వెలువరించిన సంకలనం ద్వారా మన తరానికి చేరింది. గొర్రు విలువ విత్తడంతో తీరిపోదు. గింజలు చల్లిన చేలో ఏది పైరో ఏది కలుపో వంగి చూడాలి. సాలు ఉంటే సాలులో లేనిదంతా కలుపే. విత్తే ముందు గుంటక పాస నేల పైపొర కింద అడ్డంగా కోసుకుంటూ పోయి లేత కలుపును వేరు దగ్గర తెంపుతుంది. పైరు మొలిచాక చిన్న పాసలున్న దంతి సాళ్ల నడుమ నడుస్తుంది. ఆ పూట ఎద్దుల మూతులకు చిక్కాలు కడతారు, లేకపోతే కలుపు కన్నా ముందు పైరే పోతుంది. దంతి వెళ్లాక మొక్కల నడుమ మిగిలిన కలుపుకు మాత్రమే మనిషి చెయ్యి కావాలి.

ఇనుముకు లొంగనిదీ ఒకటుంది, తుంగ. పైన కోస్తే కింద గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది, ఒక గడ్డ నుంచి గొలుసులా ఇంకో గడ్డ పుడుతుంది. ప్రపంచంలోనే అతి చెడ్డ కలుపుగా శాస్త్రజ్ఞులు 1977లో దీన్ని మొదటి స్థానంలో నిలబెట్టారు. ఆయుర్వేదానికి తుంగముస్తలు మందు, రైతుకు మాత్రం శాపం. దీనికి పెద్దలు వాడిన మందు ఎండ. పంట కోశాక వేసవి దుక్కి లోతుగా దున్ని గడ్డలను పైకి తిరగేస్తే, రోహిణి కార్తె ఎండకు వాటిలోని తేమ పోయి చస్తాయి. ఒక్కసారి దున్నితే చాలదు, వాన జల్లు పడి మళ్లీ మొలిచినవాటిని మరోసారి తిరగేయాలి. ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం 1976లో, తడి నేల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పరచి ఎండ వేడితో తెగుళ్లను చంపే పద్ధతిని ప్రకటించింది. ఆ వేడికి చాలా కలుపు గింజలూ పోతాయి. మన దుక్కిలోని ఆలోచనే అది, ప్లాస్టిక్ అదనం.

నీడది కూడా చిన్న పాత్ర కాదు. జనుము, జీలుగ, పిల్లిపెసర ఒత్తుగా చల్లితే కింద వెలుతురు అందక కలుపు సన్నబడుతుంది, తరువాత అవే పచ్చిరొట్టగా నేలలో కలుస్తాయి.

రసాయనాల కథ ఫ్రాన్సు ద్రాక్ష తోటల్లో మొదలైందని చెప్పుకుంటారు. తెగుళ్లకు చల్లిన బోర్డో మిశ్రమం పడిన చోట ఆవ జాతి కలుపు ఆకులు నల్లబడడం 1896లో గమనించారు. అందులోని మైలుతుత్తం కొన్ని మొక్కలను మాడ్చి, కొన్నిటిని వదిలేస్తుందని అలా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి 2,4-డి బజారుకొచ్చింది. 1970లో అమెరికాలో జాన్ ఫ్రాంజ్ గ్లైఫోసేట్‌లోని కలుపు చంపే గుణాన్ని కనుక్కున్నాక 1974 నుంచి అది అమ్మకానికి వచ్చింది. మన వరి మడుల్లో నాట్లు వేసిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు బ్యూటాక్లోర్‌ను పొడి ఇసుకలో కలిపి చల్లడం మామూలైంది. కూలి దొరకని రైతుకు అది నిజంగానే ఆసరా అయింది. ఆ మాట ఒప్పుకోకుండా మందులను తిట్టడం న్యాయం కాదు. కానీ గ్లైఫోసేట్‌ను తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనాలు పాకడంతో 2018లో తెలుగు రాష్ట్రాలు రెండూ దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని తెగుళ్ల నివారణ నిపుణుల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

పురుగుల చేత కలుపును తినిపించడం ఇంకా పాత కథ. జేమ్స్ ఆండర్సన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యాధికారి మద్రాసు సైదాపేటలో జెముడు తోట వేయించాడు. జెముడు మీద బతికే పురుగు నుంచి ఎర్ర రంగు తీసి లాభపడాలని కంపెనీ ఆశ. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగును కలకత్తాకు చేర్చాడు, కానీ అది నాసిరకం. రంగు వ్యాపారం మూలపడింది. పురుగు మాత్రం ఒక రకం జెముడును తినేయడం చూసి, 1836–38 మధ్య ఆ పని కోసమే దాన్ని దక్షిణాదికి తెచ్చారు. ఇంకో రకం నాగజెముడు దానికి లొంగలేదు. 1926లో సింహళం నుంచి మరో జాతి పురుగును తెస్తే ఐదారేళ్లలో దక్షిణ భారతంలో సుమారు 40 వేల హెక్టార్లు జెముడు పీడ వదిలించుకున్నాయి.

స్వతంత్ర భారతంలో ఆ తరహా పీడ వయ్యారిభామ. 1955లో పూణేలో మొదట కంటపడ్డ ఈ అమెరికా ఖండపు మొక్క రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట, బీళ్లలో కమ్ముకుంది. తెల్లటి చిన్న పూలతో సన్నగా ఊగే ఈ మొక్క తగిలితే కొందరికి చర్మం దద్దురులెక్కుతుంది, పుప్పొడికి ఆయాసం వస్తుంది. ఉప్పుకు మన దగ్గర తగిన చోటు దొరికింది ఇక్కడే. పంట లేని చోట్ల, పూతకు ముందు, 15 నుంచి 20 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి సుమారు 150–200 గ్రాముల ఉప్పు కలిపి ఆకులు తడిసేలా చల్లమని వ్యవసాయ శాస్త్రజ్ఞులే చెబుతారు. దీనికి తోడు 1984లో మెక్సికో పెంకు పురుగును బెంగళూరులో విడిచిపెట్టారు. అది వయ్యారిభామ ఆకులను ఆబగా తింటుంది. తంగేడు, తంటెం వంటి మొక్కలను వర్షాకాలం ముందు చల్లితే అవి పెరిగి దాన్ని అణగదొక్కుతాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇలా కూడా పనికొస్తుందన్నది సంతోషించదగ్గ సంగతి.

వెనిగర్ విషయం కూడా తేలినదే. 2002లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ ప్రభుత్వ పరిశోధకులు పరీక్షించి చూస్తే, ఇంట్లో వాడే 5 శాతం ఎసిటిక్ ఆమ్లం మొలిచి రెండు వారాలు దాటని లేత కలుపును చంపింది. ముదిరినవాటికి ఇంకా గాఢమైన ద్రావణం కావాల్సి వచ్చింది. అంత గాఢతలో అది కంటినీ చర్మాన్నీ కాలుస్తుంది. తుంగ, గరిక లాంటివాటికి పైఆకు పోయినా కింద గడ్డ, వేరు బతికే ఉంటాయి, వారానికే తిరిగి లేస్తాయి. వినాయకుడికి సమర్పించే గరికే మడిలో దొరికితే ఎంత మొండిదో పెరటి రైతులందరికీ తెలుసు.

కాబట్టి పెరట్లో ఉప్పు, వెనిగర్ ద్రావణాన్ని నడక దారి పలకల సందుల వరకే ఉంచండి, కూరగాయల మడిలోకి రానివ్వకండి. తుంగ పట్టిన మడిని వేసవిలో రెండుసార్లు లోతుగా తవ్వి ఎండకు వదలండి. ఖాళీగా ఉన్న చోట జనుమో జీలుగో చల్లండి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు, ఆలోగానే మీ వీధిలో పూతకు రాని మొక్కలను చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి.