దరియాలతిప్పలో వీడియో కాల్

గుమ్మం దగ్గర తల వంచండి, చూరుకి వల వేలాడుతోంది. యానాం దరియాలతిప్పలాంటి మత్స్యకార పేటల్లో ఏ ఇంట్లోకైనా దాదాపు ఇలాగే వెళ్ళాలి. లోపల మంచం మీద పెద్దాయన కూర్చున్నాడు. కుడి చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. ఏళ్ళ తరబడి గోదాట్లో వల విసిరిన చెయ్యి.

కోడలు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించింది. జారింది. మళ్ళీ ఆనించింది. ఇంట్లో సిగ్నల్ రెండు గీతలే. గుమ్మం వైపు జరిపితే మూడో గీత వస్తుంది గానీ, వెనక నుంచి వెలుగు పడి ఆయన మొహం నల్లగా కనిపిస్తుంది. గీత కావాలో మొహం కావాలో తేల్చుకోవాలి. ఇవాళ మొహమే కావాలనుకుంది.

"నమస్కారం తాతగారూ! టిఫిన్ అయ్యిందా?" ఫిజియోథెరపిస్టు గొంతు.

ఆయన నోరు తెరిచాడు. "అ... అయ్..." కోడలు అందుకోబోయింది. "నువ్వు చెప్పకమ్మా, ఆయన్నే చెప్పనీ." అటూ ఇటూ అందరం ఆగాం. గోడ మీద ఫ్యాన్ ఒకటే తిరుగుతోంది. చివరికి, "అయ్యింది."

మెదడు ఎడమ పక్క దెబ్బతింటే శరీరం కుడి పక్క పడిపోతుంది, చాలామందికి మాట కూడా తడబడుతుంది. ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, మాటే రాదు. ఇంట్లోవాళ్ళు జాలిపడి ఆ మాటని తామే పూర్తి చేసేస్తుంటారు. దాంతో నోటికి సాధన పోతుంది.

"ఇప్పుడు మెల్లిగా నించోబెట్టు, చూద్దాం."

కోడలు చటుక్కున పడిపోయిన చెయ్యే పట్టుకుంది. "ఆగు, ఆగమ్మా! ఆ చెయ్యి పట్టి లాగొద్దు!" ఫోన్‌లో గొంతు ఒక్కసారి పెరిగింది. భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు ఇప్పుడు వదులుగా ఉన్నాయి. లాగితే కీలు తప్పవచ్చు. ఆ నొప్పికి భయపడి మనిషి కదలడమే మానేస్తాడు. "నడుం చుట్టూ తువ్వాలు కట్టి, అది పట్టుకుని లేపు. ఆయన్ని ముందుకి వంగమను." వంగాడు. లేచాడు. మోకాలు వణికింది, నిలబడింది. ఈ కాల్ మొత్తంలో నాకు విలువైనదిగా అనిపించింది ఆ కేక.

అంతలో బొమ్మ ఆగిపోయి, తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

చక్రం తిరుగుతుండగా ఒక మాట. పక్షవాతం అనగానే అందరూ మొదటి గంటల గురించే మాట్లాడతారు. నిజమే, రక్తనాళంలో గడ్డని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాకినాడ ఇక్కడికి దగ్గరే, అదృష్టం. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక గడిచే నెలల సంగతేంటి? కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ మూడు నెలలూ ఫిజియోథెరపీకి తిరగాలంటే ఆటో కిరాయి, తోడు వెళ్ళేవాళ్ళ కూలి, రెండూ పోతాయి. పైగా చుట్టూ ఆంధ్ర ఉన్నా యానాం పాలన పుదుచ్చేరిది. రోడ్డు మీద 800 కిలోమీటర్లు దాటిన దూరం, అక్కడి భాష తమిళం. 2024 ఫిబ్రవరి 25న పుదుచ్చేరి జిప్‌మర్ ఆసుపత్రి వాళ్ళ 90 పడకల యూనిట్ యానాంలో ప్రారంభమైంది. ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడేందుకు కేంద్రం 2019లో మొదలుపెట్టిన ఈ-సంజీవని కూడా ఉంది. అయినా మాట తడబడే మనిషికి అటువైపు తన భాష వచ్చినవాళ్ళే కావాలి. దుబాసీని మధ్యలో పెట్టి మాట నేర్పడం జరిగే పని కాదు.

ఫోన్‌ని ఆకాశానికెత్తేవాళ్ళు ఇంకో సంగతీ చెప్పాలి. మన దేశంలో 31 కేంద్రాల్లో 4,298 మంది పక్షవాతం రోగులతో జరిగిన స్ప్రింట్ ఇండియా పరిశోధనలో సగంమందికి 12 భాషల్లో సందేశాలు, వీడియోలు, పుస్తకం ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితం: మళ్ళీ పక్షవాతం రావడం, మరణాలు తగ్గలేదు. మందులు సరిగా వేసుకోవడం మాత్రం కొంత మెరుగైంది. అంతకు ముందు, 2017లో, ఇంట్లోవాళ్ళకే వ్యాయామాలు నేర్పిన అటెండ్ పరిశోధనలోనూ వైకల్యం తగ్గినట్టు తేలలేదు. కాబట్టి వీడియో పంపేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. తప్పు చేస్తున్నప్పుడే చూసి ఆపే కళ్ళు అటువైపు ఉండాలి. ఉన్నా అద్భుతాలు జరుగుతాయని కూడా అనను.

బొమ్మ కదిలింది. "గడప దగ్గర ఎలా చేస్తున్నావమ్మా? ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు పడిపోయిన కాలు. గుర్తుందా?"

"గుర్తుందండి."

వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది. "మేడమ్ గారూ, పావురం రక్తం రాస్తే నరాలు లేస్తాయంటున్నారండి. రాయమంటారా?"

"వద్దు పెద్దమ్మా, దానివల్ల ఏమీ రాదు. బీపీ బిళ్ళ వేస్తున్నారు కదా?"

సమాధానం రాలేదు. "బిళ్ళల అట్ట కెమెరాకి పెట్టండి."

కోడలు తెచ్చి పెట్టింది. వారం కిందటే అయిపోవాల్సిన అట్టలో ఇంకా సగం బిళ్ళలున్నాయి.

"బీపీ తగ్గిపోయిందని మానేశామండి," అంది అత్తగారు.

"బిళ్ళ వేస్తున్నారు కాబట్టి తగ్గింది పెద్దమ్మా. ఈ సంగతి ఇప్పుడే డాక్టరు గారికి చెప్తాను. ఆయన చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాలి. ఫోన్ పెట్టెయ్యకండి, కలుపుతున్నాను."