రాగిరేకు ఎక్కిన గోల్కొండ ప్రభువులు

హైటెక్ సిటీకి దగ్గరలోని గోల్కొండ నుంచి 17వ శతాబ్దంలో వజ్రాలు, అద్దకపు బట్టలతోపాటు రాజుల బొమ్మలూ ఐరోపా చేరాయి. 1686కు ముందే ఇక్కడ వేసిన 49 చిత్రాల సంపుటం ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్సెన్ చేతికి అందింది. ఇప్పుడది అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. డచ్చి రచయిత ఫ్రాంస్వా వాలెంటైన్ తూర్పు ఇండీస్ గురించి 1724-26లో వేసిన పెద్ద గ్రంథంలో మన ప్రభువుల రాగిరేకు అచ్చులకు ఇలాంటి చిత్రాలే ఆధారం.

వాటిలో హోదా నడుము దగ్గర కనిపిస్తుంది. పల్చటి మల్లు జామా, జరీ అంచు పట్కా (నడికట్టు), అందులో దోపిన కటారు, చేతిలో పొడవాటి కత్తి. ఐరోపా ప్రభువు బొమ్మ కింద వంశచిహ్నం చెక్కేవారు. మనవాళ్లకు ఆ పని తలపాగా, నడికట్టు చేశాయి. అచ్చులో రంగు పోయి బంగారమంతా సన్నని గీతలైపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తల వెనుక కాంతివలయం కథ ఇంకా పెద్దది. బౌద్ధశిల్పంలో అది ఎప్పటి నుంచో ఉంది. అయితే మొగలు చిత్రాల్లోకి వచ్చింది ఐరోపా అచ్చుల దారిలో. 1580లో జెసూట్ పాదరీలు అక్బరుకు బొమ్మలున్న బైబిలు కానుకగా ఇచ్చారు. రాజ్యాధికారం దైవకాంతి అని అబుల్ ఫజల్ రాశాడు. జహంగీర్ కాలానికి క్రైస్తవ సాధువుల వలయం పాదుషా తల వెనుక వెలిగింది. అదే మళ్లీ రాగిరేకెక్కి ఐరోపాకు తిరిగి వెళ్లింది!

మతం గుర్తు మాత్రం చాలా చిన్నది. అక్కన్న మాదన్నల వంటి బ్రాహ్మణ మంత్రులున్న తానీషా కొలువులో హిందువులకూ ముసల్మానులకూ జామా ఒకటే. ముడి వేసే వైపే వేరు. ముసల్మానులు కుడి చంక కింద, హిందువులు ఎడమ చంక కింద కట్టుకునేవారు. చిక్కల్లా ఇక్కడే ఉంది. బొమ్మను ఉన్నదున్నట్టు రేకు మీద చెక్కితే అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి. ముడి అటు నుంచి ఇటు మారితే మనిషి మతమే మారినట్టు కనిపిస్తుంది. అందుకే ఇలాంటి అచ్చు కంటపడితే ముందు కత్తి చూడాలి. కుడిచేతి వాటం మనిషికి ఒర ఎడమవైపు వేలాడుతుంది. అది కుడివైపు ఉందంటే బొమ్మ తిరగబడిందని అనుమానించి, ముడిని ఆ తర్వాతే చదవాలి.