హృద్రోగికి దూరవైద్యం: లైడెన్ నుంచి అరగొండ దాకా



ఒక పల్లెటూళ్లో నడివయసు రైతుకు ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. దగ్గరలోని ఆసుపత్రిలో ఈసీజీ యంత్రం ఉంది. గీతలున్న కాగితం కూడా చేతికి వచ్చింది. కాని ఆ గీతలను చదివి, ఇది గుండెపోటా లేక అజీర్తి వల్ల వచ్చిన మంటా అని తేల్చి చెప్పగల నిపుణుడు ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రోగిని నిపుణుడి దగ్గరకు తరలించాలా? నిపుణుడినే ఊరికి రప్పించాలా? మూడో దారి ఏదైనా ఉందా? ఈనాడు వీడియో తెర మీద హృద్రోగ నిపుణుడితో మాట్లాడటం మనకు మామూలు విషయంగా కనిపిస్తోంది. కాని ఈ మూడో దారి కోసం వెతుకులాట మొదలై వందేళ్లు దాటింది. ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

టెలిఫోన్ తీగ మీద గుండె గీతలు

నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విలెం ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును కచ్చితంగా నమోదు చేసే స్ట్రింగ్ గాల్వనోమీటర్‌ను ఆయన రూపొందించాడు. అది ఇప్పటి ఈసీజీ యంత్రంలా చేతిలో పట్టేది కాదు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. రోగి తన చేతులను, కాలును ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చోవాలి.

ఇంత పెద్ద యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకుపోలేరు. మంచాన పడ్డ రోగులను ప్రయోగశాలకు తేవడమూ కష్టమే. అందుకని ఐంథోవెన్ 1905లో రెండింటినీ టెలిఫోన్ తీగతో కలిపాడు. దూరం సుమారు కిలోమీటరున్నర. రోగి ఆసుపత్రిలోనే ఉన్నాడు, అతని గుండె గీతలు మాత్రం ప్రయోగశాలలో నమోదయ్యాయి. దీనికి ఆయన ‘టెలీకార్డియోగ్రాం’ అని పేరు పెట్టాడు. ఈసీజీపై చేసిన కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈసీజీకి, దూరవైద్యానికి దాదాపు ఒకే వయసు. గుండె సంకేతం విద్యుత్తు రూపంలోనే ఉంటుంది గనుక తీగ మీద పంపడం సులువైంది. దూరవైద్యంలో గుండె జబ్బులు ముందు వరుసలో నిలవడానికి ఇదొక కారణం.

తీగ నుంచి తెరకు, తెర నుంచి ఉపగ్రహానికి

రోగిని చూస్తూ మాట్లాడటానికి టెలివిజన్ రావలసి వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో 1968లో కెన్నెత్ బర్డ్ అనే వైద్యుడి చొరవతో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిని, లోగన్ విమానాశ్రయంలోని వైద్యకేంద్రాన్ని రెండువైపులా పనిచేసే టెలివిజన్‌తో కలిపారు. కేంద్రంలో నర్సు రోగి పక్కన ఉండేది. వైద్యుడు తెర మీద చూసేవాడు.

మన దేశంలో దీనికి పునాది వేరే తోవలో పడింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. వ్యవసాయం, ఆరోగ్యం అందులో ముఖ్య విషయాలు. రోడ్డు సరిగా లేని ఊరికి కూడా బొమ్మ, మాట చేరగలవని అది నిరూపించింది. అయితే అది ఒకవైపు ప్రసారం. ఊరు విన్నది కాని తిరిగి మాట్లాడలేదు.

అరగొండ ప్రయోగం

ఊరు తిరిగి మాట్లాడే రోజు పాతికేళ్ల తరువాత వచ్చింది. చిత్తూరు జిల్లా అరగొండ అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. అక్కడి ఆసుపత్రిలో నెలకొల్పిన టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న, హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. ఇస్రో 2001లో మొదలుపెట్టిన టెలీమెడిసిన్ పథకంలో కూడా అరగొండ–చెన్నై అనుసంధానమే తొలి మెట్టు.

తరువాత కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా ఆసుపత్రి, సరగూరులోని వివేకానంద స్మారక ఆసుపత్రి బెంగళూరు నారాయణ హృదయాలయతో కలిశాయి. త్రిపురలోని ఉదయ్‌పూర్ ఆసుపత్రికి కోల్‌కతాలోని రవీంద్రనాథ్ టాగూర్ హృద్రోగ సంస్థ, పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల తోడయ్యాయి. అడవి అంచు, కొండ ప్రాంతం, సముద్రం మధ్య దీవి: రోడ్డు ప్రయాణం ఎక్కడ కష్టమో అక్కడికే ఉపగ్రహం ముందుగా వెళ్లింది.

దీని పనితీరు చూద్దాం. ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఈ కొద్ది ఆలస్యం వల్ల సంభాషణ చెడిపోదు. ముందుగా ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్షల వివరాలు పంపిస్తారు. ఆ తరువాత నిపుణుడు తెర మీద రోగితో, స్థానిక డాక్టరుతో మాట్లాడతాడు. గుండెపోటు అని తేలితే, రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ వంటి మందును అక్కడికక్కడే ఇవ్వవచ్చు. ఈ మందు పన్నెండు గంటలలోపే ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే గుండె కండరం అంతగా దక్కుతుంది. అంటే ఇక్కడ ఆదా అయ్యేది బస్సు చార్జీ, కూలి డబ్బు మాత్రమే కాదు, ప్రాణం నిలబెట్టే సమయం.

తెర చేయలేని పని

తెరకు పరిమితులున్నాయి. వాచిన పాదాన్ని వేలితో నొక్కి, గుంట పడిందో లేదో తెర చూడలేదు. ఆ వేలు ఊళ్లోని నర్సుదే కావాలి. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవాలంటే రోగి నగరానికి వెళ్లక తప్పదు. కరెంటు పోయినా, యంత్రం చెడినా, శిక్షణ పొందిన మనిషి బదిలీ అయినా కేంద్రం మూగబోతుంది. బోస్టన్‌లో నర్సు, అరగొండలో స్థానిక డాక్టరు లేకపోతే ఆ తెరలకు విలువ ఉండేది కాదు.

చాలాకాలం ఈ వైద్యానికి దేశంలో స్పష్టమైన నియమావళి లేదు. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్ర ప్రభుత్వం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు తెలపాలి. రోగి సమ్మతి ఉండాలి. మత్తు కలిగించే కొన్ని రకాల మందులు దూరం నుంచి రాయకూడదు. అత్యవసరమైతే రోగిని వెంటనే నేరుగా ఆసుపత్రికి వెళ్లమనాలి. 2019లో మొదలైన ఈ-సంజీవని సేవ ఆ కాలంలోనే ఇళ్లలోని రోగులకు కూడా అందుబాటులోకి వచ్చింది. అరగొండకు కావలసిన ఉపగ్రహ డిష్ స్థానంలోకి ఇప్పుడు చేతిలోని ఫోన్ వచ్చింది.

మరి సమస్య తీరినట్టేనా? మీరే పరిశీలించండి. మీ మండలంలో ఈసీజీ తీసే ఆసుపత్రి మీ ఇంటికి ఎంత దూరంలో ఉంది? రాత్రి రెండు గంటలకు అది తెరిచి ఉంటుందా? గడ్డను కరిగించే మందు అక్కడ ఉందా? 108 అంబులెన్సు రావడానికి ఎంతసేపు పడుతుంది? మీ ఊళ్లో ఫోన్ లేని వృద్ధుల తరఫున ఎవరు మాట్లాడతారు? ఈ జవాబులను మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వందేళ్ల కిందట ఐంథోవెన్ దాటిన దూరం కిలోమీటరున్నర. మీ ఊళ్లో ఇంకా దాటవలసిన దూరం ఎంతో మీ లెక్కే చెబుతుంది.