కారము: రసమా, స్పర్శమా?

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తితోపాటు విస్తారముగ వ్యాపించిన పంట మిరప. ఈ సీమ పేరు చెప్పగనే కారము స్ఫురించుట లోకమునకు పరిపాటి. అయినను మిరప మనకు సనాతనమైనది కాదు. అది అమెరికాఖండమున పుట్టి, 1498లో పోర్చుగీసు నావలు కోళిక్కోడు చేరిన పిమ్మట మన దేశమునకు వచ్చినది. శ్రీనాథుని కాలమునాటి పలనాటి జొన్నకూటి ప్రక్కన మిరపపొడి లేదు. అప్పుడు నాలుకను మండించినవి మిరియము, పిప్పలి, శొంఠి అను త్రికటువులు. క్రొత్త కాయకు ప్రాతవస్తువు పేరే అంటుకొనినది. మనకు మిరియమునుబట్టి మిరపకాయ. తమిళులకు మిళగునుబట్టి మిళగాయ. కన్నడిగులకు మెణసునుబట్టి మెణసినకాయి. ఆకారమున నీ రెంటికి పోలిక లేదు. దక్షిణదేశమువారు దీనిని కంటితో గాక నాలుకతో గుర్తించి పేరిడిరనుట స్పష్టము.

నాలుక గుర్తించినది రుచియేనా? ఆంధ్రుడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహమున రసనేంద్రియమునకు గోచరమగు రసము మధురామ్లలవణకటుకషాయతిక్తభేదమున నాఱు విధములనియు, త్వగింద్రియమునకు గోచరమగు స్పర్శము శీతము, ఉష్ణము, అనుష్ణాశీతము అని మూడు విధములనియు చెప్పెను. ఈ విభాగమున కారము కటురసము. చరకసంహిత కటురసమును వర్ణించుచు, అది నాలుకను పొడిచినట్లు బాధించుననియు, నోటిని, ముక్కును, కన్నులను మండించి నీరు కార్చుననియు చెప్పుచున్నది. ఇది రుచిని చెప్పు భాష కాదు, నొప్పిని చెప్పు భాష. తార్కికుని పట్టికకంటె వైద్యుని పరిశీలనమే యిచట సూక్ష్మతరమని మా యభిప్రాయము.

1860లో జర్మనీ దేశీయుడగు ఫెక్నరు బాహ్యోద్దీపనమునకును, మనస్సున కలుగు సంవేదనమునకును గల సంబంధమును కొలువజూచెను. అట్టి కొలతయే మిరపకును వచ్చినది. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అను ఔషధశాస్త్రజ్ఞుడు మిరపసారమును పంచదారనీటిలో క్రమముగ పలుచనచేసి, రుచిచూచువారికి మంట తెలియకుండ పోవు మేరను సంఖ్యగ నిర్ణయించెను. గుంటూరు సన్నమునకు 35,000 మొదలు 40,000 వఱకు అని చెప్పుట యీ కొలతచేతనే. నేడు కాప్సైసిన్‌ను యంత్రములు కొలుచుచున్నను, ఆ సంఖ్య పుట్టినది మనుష్యుల నాలుకపైననే. ఒకసారి మండిన నాలుక రెండవసారికి మందగించును గనుక అది నిలుకడలేని త్రాసు.

1997లో డేవిడ్ జూలియస్ బృందమువారు నాడీకణముల పొరపై కాప్సైసిన్‌కు స్పందించు గ్రాహకమును కనుగొనిరి. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడికి మేల్కొనునదియు నా గ్రాహకమే. జూలియస్‌నకు 2021లో నోబెల్ బహుమానము లభించినది. మిరప వేడివస్తువు కాకున్నను నాడికి నిప్పువలెనే తోచునన్నమాట. అన్నంభట్టు పట్టికలో కారమును రసమునుండి తొలగించి ఉష్ణస్పర్శమున చేర్పవలసియున్నది. ఉష్ణస్పర్శము తేజస్సునకు లక్షణమని తార్కికుల మతము. మన మిరపరకములలో నొకదానికి ‘తేజ’ యని పేరుండుట కాకతాళీయమే. పక్షుల గ్రాహకము కాప్సైసిన్‌కు స్పందింపదు. చిలుక మిరపపండును జంకక తినుట యందువలననే.

మండునది యింపెట్లగును? మెక్సికోలో పరిశీలనము జరిపి 1980లో ఫలితములను ప్రకటించిన పాల్ రోజిన్, కారము తినువారి నాలుక మొద్దుబారుట స్వల్పమే యనియు, వారికి ఆ మంటయే యిష్టమగుననియు తేల్చెను. మన తల్లులు బిడ్డకు నేతిముద్దలో కారమును కొద్దికొద్దిగ కలిపి పెట్టుట యట్టి శిక్షణమే. కాప్సైసిన్ నీట కరగదు, క్రొవ్వున కరగును. మంటకు నీటికంటె నేయి యుపశమన మగుట యిందుచేతనే.

తెలుగు వాడుకను గమనింపుడు. నోరు కారమనును, మంట యనును. చేయి మంట యనును గాని కారమనదు. పదార్థమొకటి, గ్రాహకమొకటి, ప్రత్యక్షము మాత్రము వేఱు. మిరపకల్లములలో, గుంటూరు శీతలగిడ్డంగులలో తొడిమలు తీయు స్త్రీలకు మిరప యనగా చేతుల మంట, దగ్గు, కన్నీరు. మంటను ఇష్టపడ నేర్చుకొను నవకాశము నోటికి గలదు, చేతికి లేదు. ఆంధ్రుల కారమును గూర్చి వ్రాసినవారు తఱచు భోక్త నాలుకనే ప్రమాణముగ గైకొనిరి. స్కోవిల్ సంఖ్యయు నంతే. దినమెల్ల తొడిమలు తీసిన చేయి ఆ రాత్రి యెంతసేపు మండునో అది చెప్పదు.