లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరి కష్టం? సైకిల్ మీద వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన చరిత్ర

చలికాలం వచ్చిందంటే చాలు, గేర్ సైకిళ్లు వేసుకుని లంబసింగి బయల్దేరే కుర్రాళ్లు ఏటేటా ఎక్కువవుతున్నారు. కారులో వచ్చి, పొగమంచులో నాలుగు ఫోటోలు దిగి పోయేవాళ్లకన్నా వీళ్లు నాకు నచ్చుతారు. కారులో ఉన్నవాడికి రోడ్డు కనిపిస్తుంది అంతే. సైకిల్ తొక్కేవాడికి పిక్కల్లో తెలుస్తుంది. అందుకే ఈ పోస్టు ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు దారి చెప్తాను. రేవుపోలవరం దగ్గర సముద్రం ఒడ్డున మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి ఎస్.రాయవరం మీదుగా హైవే మీద అడ్డరోడ్డుకి రావచ్చు. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది ఈ ఎస్.రాయవరంలోనే. అడ్డరోడ్డు దగ్గర హైవే దాటి కోటవురట్ల మీదుగా నర్సీపట్నం. అక్కణ్ణుంచి డౌనూరు, ఆ తర్వాత ఘాట్, పైన లంబసింగి, ఇంకా ముందుకెళ్తే చింతపల్లి. సముద్రం నుంచి లంబసింగికి వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరంలోనే ఉప్పుగాలి, వరి మళ్లు, చెరకు తోటలు, జీడిమామిడి తోటలు, అడవి, చివరికి కాఫీ తోటలు వరసగా కనిపిస్తాయి. సముద్రమట్టం నుంచి దాదాపు 1000 మీటర్లు ఎక్కేస్తారు. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల నేలలు చూపించే దారి మన రాష్ట్రంలో అరుదు.

ఈ సముద్రానికీ ఆ కొండకీ సంబంధం ఈనాటిది కాదండి. కొండ మీద ఉప్పు పండదు. అందుకని ఉప్పు, ఎండుచేపలు పైకెళ్లేవి. చింతపండు, కుంకుడుకాయలు, తేనె, అడ్డాకులు కిందికొచ్చేవి. సంతలే బజార్లు. దారిలో అడ్డరోడ్డు దగ్గర కాస్త పక్కకి తిరిగి ఏటికొప్పాక చూడండి. వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి లక్కబొమ్మలు అందరికీ తెలుసు గానీ, ఆ బొమ్మ చేసే అంకుడు కర్ర కొండల్లోంచి వచ్చిందన్న సంగతి కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు? అదే ఊళ్లో 1933లో సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. దేశంలో మొదటి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటి. రైతులంతా కలిస్తే ఏం చేయగలరో చూపించిన ఊరు అది.

ఇక సైకిల్ సంగతి. మన పల్లెల్లోకి సైకిల్ బాగా వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ మొదలయ్యాక ధర కాస్త అందుబాటులోకి వచ్చింది. పాలక్యాన్లు, గడ్డిమోపు, బెల్లం దిమ్మలు, బడికెళ్లే పిల్లలు, అన్నీ దాని మీదే. కానీ అది మైదానం బండి. గేర్లు లేని ఆ బరువు సైకిల్ ఘాట్ ఎక్కాలంటే దిగి తోసుకోవాల్సిందే. ఇప్పుడు గేర్లున్న సైకిల్ చేతికొచ్చింది కాబట్టి మీరు పైదాకా తొక్కగలుగుతున్నారు. బాగానే ఉంది. మరి మీ టైరు కింద ఉన్న ఆ దారి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి కదా?

ఒకప్పుడు ఆ కొండల్లో ఉన్నవి కాలిబాటలే. కొండవాళ్లకి అవి చాలు. పోడు కొట్టుకుని రాగులు, సామలు పండించుకునేవారు, జీలుగు కల్లు గీసుకునేవారు, వారానికోసారి సంతకి దిగేవారు. తర్వాత దొరలొచ్చారు, పన్నులొచ్చాయి. కల్లు మీద వేసిన చిగురు పన్ను భరించలేక 1879లో రంప ప్రాంతం తిరగబడింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి పోడు చేసుకున్న నేల రాత్రికి రాత్రి ప్రభుత్వ అడవి అయిపోయింది. కట్టె కొట్టినా నేరమే, పశువు మేపినా నేరమే. మన పొలంలోకి మనం దిగితే ఎవరో వచ్చి జరిమానా వేస్తే ఎలా ఉంటుందో, రైతులు ఒకసారి ఊహించుకోండి.

అడవిని చేతిలో పెట్టుకున్నాక కలప కిందికి దించాలి, పోలీసుల్ని పైకి ఎక్కించాలి. రెండింటికీ రోడ్డు కావాలి. 1920ల మొదట్లో గూడెం తహశీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు కొండని తొలిచి రోడ్డు వేయించే పని అతని పెత్తనం కింద జరిగింది. పనికి రమ్మని అడగడాలు లేవు, తోలుకురావడమే. కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు, ఎదురు చెప్తే కొరడా దెబ్బలు. వెట్టి అంటే అదే. పోడు పనుల్లో ఉండాల్సిన మనుషులు తమ పొలం వదిలి దొరగారి రోడ్డుకి రాళ్లు మోశారు. ఒక్క సీజను పోతే ఆ ఏడు గింజలుండవు. ఆ లెక్క మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అల్లూరి సీతారామరాజు పేరు మనందరికీ తెలుసు. ఆయన వెనక జనం ఎందుకు కదిలారో అడిగితే మాత్రం చాలామంది సినిమా కథ చెప్తారు. పోడు, వెట్టి, ఈ రోడ్డు కూలి, ఇవే అసలు కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల్ని చంపారు. దళం తిరిగిందంతా పాత కాలిబాటల్లోనే. తెలియని కొండలో సర్కారు బలగాలకి ప్రతి మలుపూ గండమే అయింది.

చివరికి అస్సాం రైఫిల్స్‌ని దింపాల్సి వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుగారిని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. తిరుగు ప్రయాణంలో నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా వెళ్లి చూడండి, దారి కూడా పచ్చగా ఉంటుంది. గాం గంటం దొరని కూడా ఆ ఏడే చంపారు. ఆయన తమ్ముడు మల్లు దొర మాత్రం పట్టుబడి, అండమాన్ జైలుకెళ్లి, ప్రాణాలతో తిరిగొచ్చాడు. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఇంత పెద్ద సంగతిని మన పిల్లలకి ఎక్కడ చెప్తున్నాం?

ఇదంతా చెప్పింది మీ సరదా చెడగొట్టడానికి కాదు. తప్పకుండా వెళ్లండి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం. కాబట్టి మందపాటి బట్టలు పెట్టుకోండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పసుపు పచ్చగా పూసిన వలిసె చేలు కనిపిస్తే ఫోటో కోసం తొక్కేయకండి, అది ఒకరి పంట. గట్టు మీద నిలబడి, రైతు ఉంటే అడిగి తీసుకోండి. సంతలో రాజ్మా, మిరియాలు, పసుపు కొంటే పది రూపాయల కోసం బేరం ఆడకండి.

ఇంకొక్క మాట. ఆ ఘాట్‌కి అటూ ఇటూ లోపలికి వెళ్తే ఇప్పటికీ రోడ్డు లేని గూడేలున్నాయి. పురిటినొప్పులొస్తే ఆడమనిషిని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్నారు. పేపర్లలో మీరూ చూసే ఉంటారు. మనం ఎక్కడానికి రోడ్డు వేసిన మనుషుల మునిమనవలకే రోడ్డు లేదు. ఘాట్ మధ్యలో ఆయాసం వచ్చి ఆగినప్పుడు నీళ్లు తాగుతూ ఈ ముక్క పక్కవాడికి చెప్పండి. కిందికి దిగాక మీ ఊరి నాయకుడు కనిపిస్తే ఆయన్ని కూడా అడగండి.