ఒకే పెట్టెలో రెండు కాపీలు

మొన్న సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరెళ్ళినప్పుడు నాన్న కంప్యూటరుకి రెండో హార్డు డిస్కు పెట్టాను. ఇంట్లో ఫొటోలు, పొలం కాయితాల స్కాన్లు అన్నీ ఒక్క డిస్కులోనే ఉన్నాయి మరి. "ఒకటి పోయినా రెండోది ఉంటుంది నాన్నా, ఇక బెంగ లేదు" అన్నా. "రెండూ ఆ డబ్బాలోనేగా?" అన్నారాయన.

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే మా ఇంట్లో ఈ పాఠం 1996లోనే అయింది. ఆ ఏడు నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. నేనింకా పుట్టలేదు. మా ఇంటి పైకప్పు లేచిపోయి, ట్రంకు పెట్టె నిండా నీళ్ళట. నాయనమ్మ పెళ్ళి ఫొటోలు అందులోనే. నెగెటివ్‌లు కూడా భద్రంగా అదే పెట్టెలో దాచారు! మిగిలింది మేనత్త హైదరాబాదు పట్టుకెళ్ళిన ఒక్క ఫొటో.

నిజానికి జత డిస్కుల ఆలోచన పాతదే. టాండెమ్ కంపెనీ 1976 నుంచి అమ్మిన 'ఆగని' కంప్యూటర్లలో వాడింది. 1988లో బర్కిలీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 'రెయిడ్' పత్రంలో దానికి మొదటి స్థాయి అని పేరు పెట్టారు. ఖర్చెక్కువని కూడా చెప్పారు, రెండు డిస్కులు కొంటే ఒకదాని చోటే దక్కుతుంది కదా.

అంతకుముందు మనవాళ్ళకి తాటాకులు. పురుగు తినేసేలోపు గంటంతో ఇంకో తాటాకు కట్ట మీదకి ఎక్కించాలి. రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌను పండితులకి జీతాలిచ్చి మరీ ప్రతులు రాయించాడు. ఒక్కో కావ్యానికి చాలా ప్రతులు పోగేశాడు. ఎందుకు? రెండు ప్రతుల్లో తేడా వస్తే ఏది సరైనదో తేల్చాలిగా! మన జత డిస్కులకి ఆ తెలివి లేదు. రెండూ తేడాగా ఉంటే ఏది నిజమో వాటికి తెలీదు. అన్నట్టు, లినక్సులో ఈ జతలు కట్టే ఎండీఏడీఎం రాసినాయన కూడా బ్రౌనే, ఆస్ట్రేలియా నీల్ బ్రౌన్!

సరే, అసలు పనికొద్దాం. ఖాళీ కంప్యూటర్లో జత కట్టడం తేలిక. డేటా ఉన్నదాంట్లోనే ప్రమాదం. తొందరపడితే ఖాళీ డిస్కుకి నిండు డిస్కు నకలైపోతుంది, అంటే అదీ ఖాళీయే. నేను చేసిందిదీ:

ముందు అంతా బయటి డిస్కులోకి కాపీ చేసి, కొన్ని ఫొటోలు తెరిచి చూసి, తీగ పీకేశాను. రెండు డిస్కుల సీరియల్ నంబర్లూ కాయితం మీద రాసుకున్నా, ఏది ఏదో పొరబడకుండా. పాతదాని ఆరోగ్యం స్మార్ట్ రిపోర్టులో చూశా. తర్వాత కొత్త డిస్కు ఒక్కదానితో, రెండోదాని చోట 'లేదు' అని చెప్పి, సగం జత కట్టా. పాతదాన్లోంచి ఫైళ్ళు అందులోకి ఎక్కించి, సరిచూసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టా. అన్నీ కనిపించాకే పాత డిస్కుని జతలో కలిపా. పాతది చెరిగిపోయేది ఈ చివరి మెట్టులోనే. అది పూర్తవడానికి కొన్ని గంటలు పట్టింది. అంతయ్యాక కంప్యూటరు ఆపి, ఒక డిస్కు తీసేసి, రెండోదానితో ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, మళ్ళీ కలిపా.

ఇంత చేసినా ఇది బ్యాకప్ కాదండీ. డిస్కు చెడిపోతే కాపాడుతుంది, అంతే. నాన్న పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఆ క్షణమే చెరుగుతుంది. వైరస్సు వచ్చినా, పిడుగు పడినా, గోదారి ఇంట్లోకొచ్చినా రెండూ కలిసే పోతాయి.

అందుకే తిరుగు ప్రయాణంలో ఆ బయటి డిస్కు సంచీలో వేసుకున్నా, హైదరాబాదులో మేనత్తకి ఇవ్వడానికి. బస్సెక్కేముందు నాన్నకి చెప్తే నవ్వారు: "మళ్ళీ మీ అత్తే దిక్కన్నమాట."

మీ ఇంట్లో రెండో కాపీ ఏ పెట్టెలో ఉంది?